తేనెటీగ విషం, అందని సూది

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా సంక్షేమ హాస్టల్లో ఆరో తరగతి పిల్లవాడొకడు తేనెటీగలు కుట్టి చనిపోయాడు. నల్లమల అంచున ఒక మండల కేంద్రం అది. హాస్టల్ వెనక నీళ్ల ట్యాంకు, దాని అడుగున చేటంత తేనెపట్టు. అది అక్కడ ఉందని వార్డెన్‌కి తెలుసు, వంటవాళ్లకి తెలుసు, మాకూ తెలుసు. ఆదివారం మధ్యాహ్నం ఆడుకుంటుంటే బంతి పోయి పట్టుకు తగిలింది. క్షణాల్లో ఆవరణ అంతా ఈగలే.

ఎనిమిదో తరగతి వాడొకడికి నలభైకి పైగా కుట్టాయి. మొహం ఉబ్బిపోయి గుర్తుపట్టలేకుండా అయ్యాడు. అందరం వాడి చుట్టూ చేరాం. ముళ్లు పీకేవాళ్లు పీకుతున్నారు, సున్నం రాసేవాళ్లు రాస్తున్నారు. ఆ చిన్నవాడు నా దగ్గరికి వచ్చి, "అన్నా, కడుపులో తిప్పుతోంది" అన్నాడు. చూస్తే మెడ మీద ఒకటి, చెవి మీద ఒకటి, చేతి మీద ఒకటి. మొత్తం మూడు. "మూడేగా, ఏం కాదులేరా" అన్నాను. వాంతి చేసుకున్నాడు. మొహం కడుక్కుంటే తేరుకుంటాడని లేపి, భుజం పట్టుకుని కుళాయి దాకా నడిపించాను. కుళాయి దగ్గరే కూలిపోయాడు.

ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ రెండు సూదులు వేశాడు. ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే ఆదివారం డాక్టర్ లేరు. ఉన్న సిస్టర్ చూసి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంది. దారిలోనే పోయాడు. నలభై కుట్టినవాడు బతికాడు. కానీ మూడో రోజున వాడికి మూత్రం నల్లగా వచ్చి, తర్వాత రావడమే మానేసి, జిల్లా ఆసుపత్రిలో చాలా రోజులు ఉన్నాడు. హాస్టల్ రికార్డులో చిన్నవాడి చావు "దురదృష్టకర ప్రమాదం" అయింది. వాళ్ల అమ్మ వచ్చి అడిగింది ఒక్కటే: "మూడుకే చచ్చిపోతారా అయ్యా?"

ఆ ప్రశ్నకు జవాబు తెలియడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. ప్రజారోగ్యం చదువుకున్నాక తెలిసిన జవాబు ఇది: అవును, ఒక్కటి కుట్టినా చనిపోవచ్చు. అయితే దానికి మందు ఉంది. చవకైన మందు, వందేళ్లకు పైగా తెలిసిన మందు. ఆ రోజు మేం ఎక్కిన ఏ మెట్టు మీదా దాన్ని వాడలేదు. ఆ పిల్లవాడిని చంపింది తేనెటీగ విషం ఒక్కటే కాదు. ఆ మందు ఎక్కడ ఉండాలో, ఎవరికి అందాలో నిర్ణయించిన వ్యవస్థ కూడా.

మూడు, నలభై: రెండు వేర్వేరు జబ్బులు

తేనెటీగ కుట్టినప్పుడు పిల్లల శరీరంలో జరిగేవి మూడు రకాలు. వీటిని విడదీసి చూడకపోవడం వల్లే మన ఊళ్లలో సగం పొరపాట్లు జరుగుతున్నాయి.

మొదటిది అందరికీ తెలిసిందే. మంట, ఎరుపు, వాపు. కొందరు పిల్లల్లో ఈ వాపు చెయ్యంతా పాకి, రెండు రోజులు పెరిగి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. చూడటానికి భయంగా ఉంటుంది కానీ సాధారణంగా ప్రాణాపాయం కాదు, చీము పట్టడం కూడా కాదు. గుడ్డలో చుట్టిన ఐసు, నొప్పికి పారాసెటమాల్, దురదకు మాత్ర చాలు. నోట్లో, గొంతులో కుట్టినా, కంట్లో కుట్టినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రెండోది అలర్జీ. అంతకుముందెప్పుడో కుట్టిన ఈగ వల్ల కొందరి శరీరం ఆ విషానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే యాంటీబాడీలను తయారు చేసి పెట్టుకుంటుంది. మళ్లీ కుట్టినప్పుడు ఒంట్లోని మాస్ట్ కణాలు హిస్టమిన్ లాంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతాయి. రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోతుంది, గొంతు వాస్తుంది, ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. ఆ పేరు పెట్టింది 1902లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు పోర్షియే, రిషే. ఇక్కడ ఎన్ని కుట్టాయన్న లెక్కకు అర్థం లేదు. ఒక్కటి చాలు. పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లల్లో ఇది అరుదే. వచ్చినా చాలామందిలో చర్మం మీది దద్దుర్లతోనే ఆగుతుంది. కానీ ఆగనప్పుడు టైం ఉండదు.

పిల్లల్లో ఈ లక్షణాలు గుర్తుపట్టడం పెద్దవాళ్లలో కంటే కష్టం. ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఆగని దగ్గు, పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, కడుపునొప్పి, వాంతులు, మొహం పాలిపోవడం, మగతగా వాలిపోవడం. విషం వల్ల వచ్చే అనాఫిలాక్సిస్‌లో దద్దుర్లు అసలు కనిపించకపోవచ్చు కూడా. కుట్టిన కొన్ని నిమిషాల్లో కడుపులో తిప్పి వాంతి చేసుకున్న పిల్లవాడు భయపడి చేసుకున్నాడని అనుకోకూడదు. నేను అలాగే అనుకున్నాను.

మూడోది విష ప్రభావం. ఇది అలర్జీ కాదు, మోతాదు సమస్య. తేనెటీగ విషంలో సగం దాకా ఉండే మెలిటిన్ అనే పదార్థం కణాల గోడలను చీలుస్తుంది. పదుల్లో, వందల్లో కుట్టినప్పుడు ఎర్ర రక్తకణాలు పగులుతాయి, కండరాలు కరుగుతాయి. వాటి నుంచి వచ్చిన వ్యర్థాలు మూత్రపిండాల్లో అడ్డుపడతాయి. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారుతుంది, తగ్గుతుంది, ఆగిపోతుంది. ఇదంతా వెంటనే కాదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. ఇంటికి పంపేసిన పిల్లవాడు రెండో రోజున మళ్లీ వచ్చేది అందుకే.

ఇక్కడ బరువు లెక్క కీలకం. 60 కిలోల మనిషికీ 15 కిలోల పిల్లకీ యాభై ఈగలే కుడితే, పిల్ల ఒంట్లో కిలోకు చేరే విషం నాలుగు రెట్లు. కిలో బరువుకు సుమారు 19 ఈగలు కుడితే బతికే అవకాశం సగమే అని వైద్య గ్రంథాల అంచనా. మూత్రపిండాలు దెబ్బతినడానికి అన్ని కూడా అక్కర్లేదు. ఇక మన పిల్లల బరువు ఎంత ఉంటుందో, రక్తహీనత ఎంత ఉంటుందో హాస్టళ్లలో చదువుకున్న ఎవరినీ అడగక్కర్లేదు. ఆకలి కూడా ఈ విషం మోతాదును పెంచుతుంది.

పదిహేను నిమిషాలు

విషం వల్ల అనాఫిలాక్సిస్ వచ్చి చనిపోయినవారి వివరాలను బ్రిటన్‌లో వైద్యుడు పంఫ్రీ పరిశీలించి 2000లో ప్రచురించాడు. కుట్టినప్పటి నుంచి గుండె లేదా ఊపిరి ఆగేదాకా పట్టిన మధ్యగత సమయం పదిహేను నిమిషాలు. అంటే సగం మందికి అంతకన్నా తక్కువే. కూర్చున్న లేదా పడుకున్న రోగిని లేపి నిలబెట్టినప్పుడు గుండె ఆగిన సంఘటనలను కూడా ఆయనే 2003లో రాశాడు. బీపీ పడిపోయిన ఒంట్లో రక్తం కాళ్లలోకి జారిపోతుంది, గుండెకు తిరిగి చేరేది ఉండదు. అందుకే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వాలి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. నడిపించకూడదు. నేను ఆ రెండో వ్యాసం చదివిన రాత్రి నిద్రపోలేదు.

ఆ పదిహేను నిమిషాల్లో ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజెక్షన్. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము, తొడ బయటి వైపు మధ్య కండరంలోకి. పిల్లలకు ఒక్కసారికి 0.3 మిల్లీగ్రాము మించకూడదు. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉండే మామూలు ఆంపూల్ నుంచి 20 కిలోల పిల్లవాడికి కావలసింది 0.2 మిల్లీలీటర్లు. తేరుకోకపోతే అయిదు నుంచి పదిహేను నిమిషాలకు మరోసారి. ఆ తర్వాత ఆక్సిజన్, సెలైన్, ఆసుపత్రిలో పరిశీలన. తగ్గినట్టే తగ్గి, కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టే ప్రమాదం ఉంది కాబట్టి వెంటనే ఇంటికి పంపకూడదు.

మన దగ్గర జరిగేది వేరు. ఆర్‌ఎంపీ నుంచి కొన్ని పెద్ద ఆసుపత్రుల దాకా చేతికి మొదట వచ్చేవి ఏవిల్, డెక్సామెథసోన్. ఏవిల్ దురద తగ్గిస్తుంది, పడిపోయిన బీపీని లేపలేదు. డెక్సామెథసోన్ పని మొదలుపెట్టడానికే గంటలు పడుతుంది. ఈ రెండూ అడ్రినలిన్ తర్వాత ఇచ్చుకోవచ్చు, దాని బదులు కాదు. "అడ్రినలిన్ ఇస్తే గుండె ఆగిపోతుంది" అనే భయం చాలామంది వైద్య సిబ్బందిలో ఉంది. ఆ భయానికి మూలం నేరుగా నరంలోకి తప్పు మోతాదు ఎక్కించినప్పుడు జరిగే ప్రమాదం. కండరంలోకి సరైన మోతాదులో ఇవ్వడానికి అనాఫిలాక్సిస్‌లో అడ్డు చెప్పే కారణం ఏదీ లేదు. ఆలస్యం చేయడమే అసలు ప్రమాదం.

పదుల్లో కుట్టిన పిల్లల విషయంలో జాగ్రత్త వేరు. పాము విషానికి ఉన్నట్టు తేనెటీగ విషానికి మన ఆసుపత్రుల్లో విరుగుడు మందు లేదు. బాగా ఉన్నట్టు కనిపించినా కనీసం ఒక రోజు ఉంచాలి. మూత్రం రంగు, పరిమాణం చూడాలి. క్రియాటినిన్, సీపీకే, పొటాషియం పరీక్షలు చేయాలి, మళ్లీ చేయాలి. సెలైన్ సరిగా ఎక్కించాలి, అవసరమైతే డయాలసిస్ ఉన్నచోటికి త్వరగా పంపాలి. సమయానికి డయాలసిస్ అందితే ఈ పిల్లల్లో చాలామంది మూత్రపిండాలు కోలుకుంటాయి. మా ఎనిమిదో తరగతి వాడు కోలుకున్నాడు.

ఇళ్లలో చేయగలిగిందీ చెప్పాలి. ఈగలు కమ్ముకుంటే చేతులు ఊపుతూ నిలబడకూడదు. చొక్కాతో మొహం కప్పుకుని పరిగెత్తి, తలుపులున్న గదిలోకి దూరాలి. బావిలోకో చెరువులోకో దూకకూడదు. ఈగలు పైనే తిరుగుతుంటాయి, ఈత రాని పిల్లలు మునిగిపోతారు. కుట్టిన తేనెటీగ ముల్లు చర్మంలోనే ఉండి విషం లోపలికి తోస్తూనే ఉంటుంది. గీకాలా, పీకాలా అని ఆలోచిస్తూ కూర్చోకుండా గోటితోనైనా సరే వెంటనే తీసేయాలి. 1996లోనే పరిశోధకులు తేల్చింది ఇదే: ఎలా తీశామన్నది ముఖ్యం కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. కందిరీగ ముల్లు వదలదు, మళ్లీ మళ్లీ కుట్టగలదు. సున్నం, కిరోసిన్, ఇనుము రుద్దడం వల్ల చర్మం దెబ్బతింటుందే తప్ప లోపలికి పోయిన విషం పోదు. వాటి మీద పెట్టే ప్రతి నిమిషం ఆ పదిహేనులోంచే పోతుంది.

ఎవరి పిల్లలు?

తేనెటీగకు కులం తెలియదు, నిజమే. కానీ ఆ ఈగ గూడు కింద ఎవరి పిల్లలు ఉంటారన్నది కులం నిర్ణయిస్తుంది. కుట్టాక ఆ పదిహేను నిమిషాల్లో ఎవరి దగ్గరికి సూది వస్తుందన్నదీ కులమే నిర్ణయిస్తుంది.

మన దేశంలో గుంపుగా దాడి చేసేది ఎక్కువగా కొండ తేనెటీగ. ఎత్తైన చెట్లకు, కొండ చరియలకు, నీళ్ల ట్యాంకులకు, పాత సర్కారు భవనాల సన్‌షేడ్లకు పట్టు పెడుతుంది. ఏళ్ల తరబడి మరమ్మతు లేని భవనాల్లో చదివేది ఎవరు? చెరువు పూడిక తీసే పనికి పసిపిల్లలను చంకనేసుకుని వెళ్లేది ఎవరు? ఊరి చివర మర్రిచెట్ల కింద, ముళ్లకంపల మధ్య శ్మశానం ఉన్నది ఎవరికి? అక్కడ చితి పొగకు ఈగలు లేస్తే పాడె వదిలి పరిగెత్తేది ఎవరు? నీలగిరి కొండల్లో, సుందర్బన్స్ మడ అడవుల్లో, నేపాల్ కొండ చరియల్లో, మన నల్లమలలో తేనె కోసం ప్రాణం పణంగా పెట్టేది ఎవరు? తేనె సీసా మీద అడవి బొమ్మ ఉంటుంది. దాన్ని దించినవాడి ఒంటి మీది ముళ్లు కనిపించవు.

మన విశ్వవిద్యాలయాల్లోనూ ఇదే వరుస. క్యాంపస్ భవనానికి పట్టు పెడితే దాన్ని తీయమని ఎవరిని పంపుతారో గమనించండి. ఔట్‌సోర్సింగ్ సఫాయి కార్మికుడినో, వాచ్‌మన్‌నో. ఒక కాగడా ఇస్తారు, ముఖానికి తువ్వాలు. కుడితే సెలవు కూడా ఉండదు. పాకీపని నిషేధ చట్టం 2013లో వచ్చినా మురుగు గుంతలోకి దించేది ఎవరినో మనకు తెలుసు. ప్రమాదకరమైన పనిని పుట్టుకతో పంచే పద్ధతి గుంతలోనైనా, నిచ్చెన మీదనైనా ఒకటే.

ఇక వైద్యం. బాబాసాహెబ్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఒక ఘటనను ఎత్తి చూపారు. కాఠియావాడ్‌లో ఒక దళిత ఉపాధ్యాయుడి భార్య ప్రసవం తర్వాత జబ్బు పడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దలు ఫీజుకు పూచీ పడితే, ఆమెను వాడ బయటికి తెస్తే చూస్తానన్నాడు. థర్మామీటరు తాను ముట్టి ఇవ్వలేదు. ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. తర్వాత మళ్లీ వచ్చి చూడలేదు. ఆమె చనిపోయింది. ఆ ఉపాధ్యాయుడి ఉత్తరం 1929 డిసెంబర్ 12న "యంగ్ ఇండియా"లో అచ్చయింది.

ఇప్పుడు థర్మామీటరు చేతులు మారక్కర్లేదు, రోగే మారుతున్నాడు. ఆర్‌ఎంపీ నుంచి పీహెచ్‌సీకి, పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆసుపత్రికి, అక్కడి నుంచి జిల్లాకి. ప్రతి చోటా "పైకి తీసుకెళ్లండి" అనే మాట. ఎవరూ మనల్ని అంటుకోనని అనరు. కానీ ప్రతి మెట్టు దగ్గరా పదేసి నిమిషాలు పోతాయి. ఈ జబ్బులో ఉన్నవి మొత్తం పదిహేనే. 108 అంబులెన్సు 2005లో మొదలైంది, లక్షల ప్రాణాలు కాపాడింది. కానీ డోలీ కట్టి మోస్తే తప్ప రోడ్డు ఎక్కలేని గూడేనికి అది పదిహేను నిమిషాల్లో రాదు. కాబట్టి మందే అక్కడ ఉండాలి.

చట్టం దృష్టిలోనూ ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని కలకత్తాలో ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపిన కేసులో, 1996లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అత్యవసర వైద్యం సకాలంలో అందించకపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని. కేసు వేసింది ఖేత్ మజ్దూర్ సమితి, కూలీల సంఘం. అలాగే 2005 ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూల్‌లో పనిచోట ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి ఉంటే చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని, కూలీ వెంట వచ్చిన బిడ్డకు గాయమైతే ఉచిత వైద్యం ఇవ్వాలని రాశారు. నేను తిరిగిన పనిచోట్లలో ఆ పెట్టె ఉన్నచోట దూది, అయోడిన్ ఉన్నాయి. అడ్రినలిన్ ఎక్కడా లేదు.

సూది ఉంది, అనుమతి ఉంది, ఒక సంతకం తక్కువ

"పల్లెల్లో అడ్రినలిన్ ఎవరు ఇస్తారు, అది డాక్టర్ పని కదా" అనేవారికి జవాబు మన ప్రభుత్వమే రాసి పెట్టింది. పిల్లలకు టీకా వేసినప్పుడు అనాఫిలాక్సిస్ వస్తుందేమోనని ప్రతి టీకా శిబిరానికీ అనాఫిలాక్సిస్ కిట్ పంపుతారు. అందులో అడ్రినలిన్ ఆంపూల్, చిన్న సిరంజి, వయసును బట్టి మోతాదు చెప్పే పట్టిక ఉంటాయి. డాక్టర్ దగ్గర లేకపోయినా అనుమానం రాగానే ఒక మోతాదు తొడ కండరంలోకి ఇచ్చేందుకు ఏఎన్‌ఎంకి కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలే అనుమతి ఇచ్చాయి. కరోనా టీకా వేయించుకుని మనమందరం అరగంట కూర్చున్నది కూడా ఇందుకే.

కాబట్టి మందు కొత్తది కాదు. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, ధర నియంత్రణలో ఉంది. ఫ్రిజ్ తప్పనిసరి కాదు, వెలుతురు తగలకుండా, ఎండ తగలకుండా ఉంచితే చాలు. ఇచ్చే చెయ్యి కొత్తది కాదు, ఏఎన్‌ఎం అక్క చెయ్యే. అనాఫిలాక్సిస్ టీకా వల్ల వచ్చినా, తేనెటీగ వల్ల వచ్చినా అదే జబ్బు, అదే మోతాదు. టీకా రోజున ఉన్న కిట్ మరునాడు తేనెటీగ కుట్టిన పిల్లకు ఎందుకు లేదు? టీకా వల్ల పిల్ల చనిపోతే ప్రభుత్వం జవాబు చెప్పుకోవాలి కాబట్టి కిట్ వచ్చింది. హాస్టల్లో తేనెటీగ కుట్టి చనిపోతే ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు కాబట్టి రాలేదు. ఇంకో కారణం నాకు కనిపించడం లేదు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల పిల్లల్లో అలర్జీ ఉన్నవాళ్లు బడి సంచిలో అడ్రినలిన్ పెన్ను పెట్టుకుని వెళ్తారు. బళ్లలో కూడా ఆ పెన్నులు నిల్వ ఉంచేలా రాష్ట్రాలను ప్రోత్సహించే చట్టం అక్కడ 2013లో వచ్చింది. 2016 నాటికి రెండు పెన్నుల పెట్టె ధర 600 డాలర్లు దాటి అక్కడ పెద్ద గొడవ అయింది. ఆ పెన్ను ఇచ్చే మందు 0.3 మిల్లీగ్రాము, మన ఆంపూల్‌లో మూడో వంతు కన్నా తక్కువ. పెన్ను మనకు అందకపోవచ్చు. ఆంపూల్, సిరంజి, గోడ మీద మోతాదు పట్టిక మాత్రం ప్రతి హాస్టల్‌కీ అందుతాయి. ముక్కులో కొట్టే అడ్రినలిన్ స్ప్రేకి 2024లో అక్కడ అనుమతి వచ్చింది. సూది వేయడం రాని వార్డెన్ కూడా వాడగలిగిన మందు అది. ఇక్కడికి వచ్చే రోజున అది ముందు కార్పొరేట్ బళ్లకు కాదు, ఆశ్రమ పాఠశాలలకు రావాలి.

మరో పని లెక్క. పాముకాటు విషయంలో ఏం జరిగిందో చూడండి. ఆసుపత్రి రికార్డులను కాక ఇళ్లను అడిగి లెక్కగట్టిన అధ్యయనం 2000 నుంచి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో తేల్చింది. ఆ తర్వాతే 2024 మార్చిలో పాముకాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో పాముకాటు కేసులను తప్పనిసరిగా నమోదు చేయాలని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. లెక్క వచ్చాకే చావులు కనిపించాయి. తేనెటీగలు కుట్టి పోయినవాళ్లకు మన ప్రమాద మరణాల పట్టికల్లో వేరే గడి లేదు. వాళ్ల కులానికి గడి అసలే లేదు. కేరళలో తేనెటీగలు, కందిరీగలు కుట్టి చనిపోయినవారి కుటుంబాలకు పరిహారం ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు లెక్కైనా మొదలుపెట్టాలి.

తేనెటీగల మీద నాకు కోపం లేదు. మన పంటల్లో ఎన్నో వాటి మీద ఆధారపడి ఉన్నాయి, కాగడాలతో తగలబెట్టడం ప్రమాదాలను పెంచుతుంది కూడా. బడి మీద పట్టు ఉంటే రాత్రిపూట, పిల్లలు లేనప్పుడు, తెలిసిన మనుషులతో తీయించాలి. ఆ తెలివి ఆదివాసీ తేనె సేకర్తల దగ్గర ఉంది. దాన్ని వెట్టిగా కాక నైపుణ్యంగా గుర్తించి, రక్షణ దుస్తులు, బీమా, సరైన కూలీ ఇచ్చి పిలవాలి. రానంటే రానని చెప్పే హక్కూ వాళ్లకు ఉండాలి.

నేను అడిగేది చిన్నదే. ప్రతి సంక్షేమ హాస్టల్‌లో, ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో, ఆరోగ్య ఉప కేంద్రంలో, కూలీల పనిచోట టీకా శిబిరంలో ఉండే అదే కిట్ ఉండాలి. ఏఎన్‌ఎంకి టీకా రోజున ఉన్న అనుమతి అన్ని రోజులకూ, అన్ని కారణాలకూ వర్తిస్తుందని ఒక జీవో రావాలి. ఆశ్రమ పాఠశాలలకు ఏఎన్‌ఎంలు కావాలని ఆదివాసీ విద్యార్థి సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి, ఆ పోస్టులు నింపాలి. ఏడాదికోసారి వార్డెన్లకు, వంటవాళ్లకు, పెద్ద తరగతుల పిల్లలకు ఒక పూట శిక్షణ ఇవ్వాలి. ఒకసారి అనాఫిలాక్సిస్ వచ్చిన బిడ్డకు ఆ సంగతి డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసివ్వాలి. అలాంటి పిల్లలకు మళ్లీ రాకుండా కాపాడే విష ఇమ్యునోథెరపీ 1970ల నుంచి తెలిసిన వైద్యం. నేను వెళ్లిన ఏ జిల్లా ఆసుపత్రిలోనూ దాని మాట వినలేదు.

ఇది చదువుతున్న విద్యార్థులకు ఒక మాట. మీలో చాలామంది నాలాగే హాస్టళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఈ సెలవులకు ఊరు వెళ్లినప్పుడు మీరు చదివిన హాస్టల్‌కి ఒకసారి వెళ్లండి. తల పైకెత్తి ట్యాంకు కింద, సన్‌షేడ్ కింద చూడండి. ప్రథమ చికిత్స పెట్టె తెరిపించండి. ఉప కేంద్రంలో ఏఎన్‌ఎం అక్కను అడగండి, అడ్రినలిన్ ఉందా, గడువు తేదీ ఎప్పటిదని. లేదంటే ఆ జవాబును సమాచార హక్కు దరఖాస్తులో రాతపూర్వకంగా తీసుకోండి. వంద హాస్టళ్ల జవాబులు ఒకచోట చేరితే అది పరిశోధన అవుతుంది, కోర్టులో పిటిషన్ అవుతుంది. పరిశోధకులకు, అధ్యాపకులకు ఇంతకన్నా దగ్గరి క్షేత్రం ఇంకెక్కడ దొరుకుతుంది?

"మూడుకే చచ్చిపోతారా అయ్యా" అని ఆ తల్లి అడిగినప్పుడు మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. అమ్మా, మూడుకు చనిపోలేదు నీ కొడుకు. మేం నడిపించాం, వాళ్లు పైకి పంపారు, సూది ఎవరూ ఇవ్వలేదు. ఇందులో మొదటి తప్పు నాది, దాన్ని నేను మోస్తాను. మిగతా రెండూ ప్రభుత్వానివి. వాటిని అది మోసేదాకా అడుగుతూనే ఉండాలి.